పాత కూరగాయల సంతని కాపీ చేస్తూ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారాలు మా ఇంటి వరండాలో నలుగురైదుగురు కూర్చుని ఒకే బొమ్మని కాపీ చేస్తుంటారు. 17వ శతాబ్దపు ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక కూరగాయల సంత అది. కొత్తగా చేరినవాళ్ళు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ నోటితో చెప్పి అలిసిపోయి ఇలా రాసి పెడుతున్నాను.

సొంత బొమ్మ వేసుకోక, ఎవరో వేసినదాన్ని కాపీ కొట్టడం దేనికి?

సంగీతం నేర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళు మొదటిరోజే సొంత కృతి కట్టరు. సరళీ స్వరాలు, గీతాలు, వర్ణాలు అన్నీ ఇంకొకరు కట్టినవే పాడతారు. దాన్నెవరూ కాపీ అనరు. బొమ్మల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి నామోషీ.

ఖాళీ కాన్వాస్ ముందు కూర్చుంటే ఏం వేయాలి, ఎక్కడ పెట్టాలి, ఏ రంగు కలపాలి, కుంచె ఎలా నడపాలి అనే నాలుగూ ఒక్కసారే మీద పడతాయి. కాపీలో మొదటి రెండూ మనకంటే గట్టివాడొకడు ముందే తేల్చిపెట్టాడు. ఇక రంగూ కుంచే మన పని.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1793లో తలుపులు తెరిచిన నాటి నుంచీ చిత్రకారులు లోపల ఈజిల్ (బొమ్మ నిలబెట్టే చట్రం) వేసుకుని కాపీ చేస్తూనే ఉన్నారు. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా 1853లో అక్కడ కాపీయిస్టుగా పేరు నమోదు చేయించుకున్నాడు. ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ అయితే 1893లో డచ్ చిత్రకారుడు డి హేమ్ వేసిన బల్ల మీది పళ్ళ చిత్రాన్ని కాపీ చేసి, 1915లో అదే చిత్రాన్ని మళ్ళీ తన పద్ధతిలో, ఆకారాల్ని ముక్కలుగా విరగ్గొట్టి వేశాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా అది ఆయన బుర్రలో మెదులుతూనే ఉందన్నమాట. మన రాజా రవివర్మకి ఆ భాగ్యం కూడా లేదు. తిరువనంతపురం రాజాస్థానానికి వచ్చిన యూరప్ చిత్రకారుడు థియోడర్ జెన్సన్ బొమ్మ వేస్తుంటే పక్కన నిలబడి చూసి ఆయిల్ రంగుల పని పట్టుకున్నాడు.

ఒక యాపిల్ పండో, కూజానో కాపీ చేస్తే తేలిక కదా? ఇంత గందరగోళంగా ఉండే సంత ఎందుకు?

యాపిల్ పండు తేలికే. రెండు వారాలు యాపిల్ వేయండి, మంచిదే. కానీ యాపిల్ నేర్పని విషయం ఒకటుంది: దేన్ని వదిలేయాలి అన్నది. ఒక్క వస్తువే ఉన్న చిత్రంలో వదిలేయడానికి ఏముంటుంది? సంతలో ఇరవై రకాల సరుకు, పదిమంది మనుషులు, చెట్టు, కాలవ, పడవలు, ఇళ్ళు ఉంటాయి. అన్నిటినీ ఒకే శ్రద్ధతో వేస్తే చూసేవాడి కన్ను ఎక్కడా నిలబడదు. పెద్ద చిత్రకారులు సంతలో చాలా భాగాన్ని దాదాపు వేయకుండానే వేసినట్టు చూపించారు. ఆ మాయ ఎలా చేశారో చేత్తో పట్టుకోవడానికే ఈ తిప్పలంతా.

మీరు కాపీ చేయించే చిత్రం ఏది?

గాబ్రియల్ మెట్సు వేసిన ఆమ్‌స్టర్‌డామ్ కూరగాయల సంత. మెట్సు 1629లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పుట్టాడు. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి స్థిరపడి, 1667లో అక్కడే నలభై నిండకుండా పోయాడు. ఈ చిత్రం 1660-61 ప్రాంతంలో వేసింది. సుమారు 97 సెంటీమీటర్ల ఎత్తు, 84 సెంటీమీటర్ల వెడల్పు. ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. ఆ సంత ప్రిన్సెన్‌గ్రాహ్ట్ అనే కాలవ గట్టున జరిగేది. మెట్సు కాపురం ఆ దగ్గర్లోనే. అంటే రోజూ వంకాయలకి వెళ్ళొచ్చే చోటు బొమ్మ వేశాడనుకోండి (వంకాయలు కావులెండి, క్యారెట్లూ కాలీఫ్లవర్లూ).

బొమ్మలో ఏం జరుగుతోందో ముందు తీరిగ్గా చూడండి. బకెట్ చేతికి తగిలించుకున్న ఒక పనిమనిషి. ఆమెతో మాట కలుపుతున్న ఎర్ర బట్టల కుర్రాడు. ఆ మాటలు బేరం మాటలైతే కావు. ఇంకోపక్క నడుం మీద చేతులు పెట్టుకుని ఒకావిడ గొడవకి దిగింది. కింద కుక్క, కోడిపుంజు ఒకదాన్నొకటి తేరిపార చూసుకుంటున్నాయి. మనుషుల తగువుకి, సరసానికి అవి వెక్కిరింతలా ఉంటాయని నాకనిపిస్తుంది. ఒక పెద్ద చెట్టు ఈ గోలంతటికీ గొడుగు పట్టి ఉంటుంది. వెనక కాలవ, పడవలు, ఇళ్ళు.

ఇదే వేయాలా?

అక్కర్లేదు. పదహారో శతాబ్దపు యోఆకిమ్ బ్యూకెలార్ సంతల్లో సరుకు మీదే ప్రాణం పెడతాడు, కూరలు పోటెత్తుతుంటాయి. పందొమ్మిదో శతాబ్దపు పెట్రస్ వాన్ స్కెండెల్ రాత్రి సంతల్లో కొవ్వొత్తి వెలుతురు కోసం ప్రాణం పెడతాడు. స్కెండెల్ చూడగానే అందరికీ ఇదే వేయాలనిపిస్తుంది, కానీ మొదటి బొమ్మగా వద్దు. దీపం వెలుతురు వేయడమంటే తొంభై పాళ్ళు చీకటి వేయడం, ఆయిల్ రంగుల్లో చీకటి చాలా కష్టం. నల్లగా, జిడ్డుగా, చచ్చిపోయినట్టు వస్తుంది.

మంచి ఫొటో ఎక్కడ దొరుకుతుంది?

లూవ్ర్ తన సేకరణల వివరాలనీ ఫొటోలనీ 2021 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. వికీమీడియా కామన్స్‌లోనూ ఉంటాయి. రెండు మూడు చోట్ల నుంచి దించుకుని పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే చిత్రం ఒకచోట పసుపుగా, ఇంకోచోట నీలంగా కనిపిస్తుంది. ఏది నిజమో ఇక్కడ కూర్చుని తేలదు. ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. మధ్యలో ఫొటో మార్చి ఆకాశం మూడుసార్లు మార్చినవాళ్ళున్నారు.

ఫోన్‌లో చూస్తూ వేయొద్దు. వేలితో పెద్దది చేసి ఒక క్యారెట్ దగ్గరే గంట కూర్చుంటారు. కాగితం మీద ప్రింటు తీయించుకుని గోడకి తగిలించండి. సూక్ష్మంగా చూడాల్సిన చోటుకే స్క్రీన్ వాడండి.

కాన్వాస్ ఏ సైజు తీసుకోవాలి?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. దొరికిన సైజు కొనేసి బొమ్మని అందులోకి సాగదీస్తారు, మనుషులు పీలగా అయిపోతారు. ఈ చిత్రంలో ఎత్తు వెడల్పుకి 1.15 రెట్లు. మన దుకాణాల్లో సులువుగా దొరికే 16 × 20 అంగుళాల కాన్వాస్ బోర్డు నిలువుగా పెడితే, 16 వెడల్పుకి ఎత్తు 18.4 అంగుళాలు రావాలి. అడుగున మిగిలే అంగుళంన్నర పైచిలుకు పట్టీని చెరపొద్దు, రంగు కలిపి పరీక్షించుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. పక్కనే ఉంటుంది కాబట్టి పోలిక వెంటనే తెలుస్తుంది.

గళ్ళు గీసుకోవాలంటే నిలువుగా 8, అడ్డంగా 7 వేయండి. ఈ కొలతలకి గళ్ళు దాదాపు చతురస్రాలుగానే వస్తాయి. గళ్ళు వేసుకోవడం దొంగదారి అనుకునేవాళ్ళకి ఒక మాట: మన ముగ్గుకి చుక్కలు పెట్టడం దొంగదారా?

ఏయే సామాన్లు కావాలి?

మొదటి బొమ్మకి ఏడు ట్యూబులు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఆకర్, కాడ్మియం ఎల్లో లేతది, వర్మిలియన్ లేదా కాడ్మియం రెడ్, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ అంబర్. ఐవరీ బ్లాక్ ఎనిమిదోది, దాని సంగతి ఆకుల దగ్గర చెప్తాను. కామెల్ ఆర్టిస్ట్ రంగులు నేర్చుకోవడానికి బాగానే పనిచేస్తాయి. ఖరీదైనవి కొంటే ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద పిసరంత పెట్టుకుని పొదుపు చేస్తారు, ఆ పొదుపే బొమ్మని పాడుచేస్తుంది. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు తీసుకోండి.

కుంచెల్లో గట్టి పంది వెంట్రుకలవి మూడు, మెత్తటివి రెండు. సన్నపు కుంచె ఒక్కటే, అదీ మొదటి నెల నా దగ్గర దాచి ఉంచుతాను.

రంగులో కలుపుకునే లిన్సీడ్ ఆయిల్ బదులు ఇంట్లో ఉన్న నూనె వాడొచ్చా?

వద్దు. ఇది నవ్వులాటకి అడిగిన ప్రశ్న కాదు, ఒకాయన నిజంగానే కొబ్బరినూనె కలిపి తెచ్చాడు. ఆరు నెలల తర్వాత కూడా బొమ్మ వేలికి అంటింది. లిన్సీడ్ అంటే అవిసె నూనె. ఆయిల్ రంగు ఆరడమంటే బట్ట ఆరినట్టు తడి ఎగిరిపోవడం కాదు. నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని నెమ్మదిగా గట్టి పొరగా మారుతుంది. అవిసె నూనెకి ఆ గుణం ఉంది. కొబ్బరినూనెకీ వేరుశనగనూనెకీ లేదు. తలుపులకి వేసే బాయిల్డ్ లిన్సీడ్ కూడా వద్దు, తొందరగా పచ్చబడుతుంది.

మెట్సు వాడిన రంగులే ఇప్పుడు దొరుకుతాయా?

కొన్ని దొరుకుతాయి, కొన్నిటి జోలికి పోకూడదు. అప్పటి తెలుపు సీసంతో చేసింది. విషం, ఇంట్లో పిల్లలుంటే అసలు తేవద్దు. అప్పట్లో డచ్ చిత్రకారుల పసుపు లెడ్-టిన్ ఎల్లో. 18వ శతాబ్దంలో ఆ రంగు వాడకంలోంచి పోయి, చేసే పద్ధతే మరిచిపోయారు. మళ్ళీ 1941లో జర్మనీలో ఒక పరిశోధకుడు పాత చిత్రాల్లో దాన్ని గుర్తించాడు. అసలైన అల్ట్రామెరీన్ ఆఫ్ఘనిస్తాన్ కొండల్లోని రాయి నుంచి వచ్చేది కాబట్టి చాలా ఖరీదు. దాన్ని కృత్రిమంగా చేయడం 1820ల్లో మొదలైంది. ఇవాళ మన ట్యూబులో ఉన్నది అదే. ప్రష్యన్ బ్లూ మాత్రం ప్యాలెట్ మీద పెట్టుకోవద్దు. అది పుట్టిందే 18వ శతాబ్దం మొదట్లో, మెట్సు పోయిన దాదాపు నలభై ఏళ్ళకి. పైగా చిటికెడు వేస్తే ఊరంతా నీలం.

ఏ వరుసలో వేయాలి? ఒక్కో వస్తువూ పూర్తిచేసుకుంటూ పోవచ్చా?

పోకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

తెల్లటి కాన్వాస్ మీద మొదలుపెట్టొద్దు. బర్న్ట్ అంబర్, కొంచెం అల్ట్రామెరీన్ టర్పెంటైన్‌లో (ఆయిల్ రంగుని పల్చన చేసే ద్రవం) పల్చగా కలిపి కాన్వాస్ అంతా పూసి, గుడ్డతో తుడిచేయండి. తేనీరు ఒలికిన రంగు మిగలాలి. ఆ కాలపు డచ్ చిత్రకారులు ఇలా గోధుమ, బూడిద రంగు నేల (అంటే అడుగు పూత) మీదే పని చేసేవారు. తెలుపు మీద ఏ రంగు పెట్టినా ముదురుగానే కనిపిస్తుంది, మధ్యరకం నేల మీదైతే వెలుగూ నీడా రెండూ తూచుకోవచ్చు.

అది ఆరాక అంబర్ ఒక్కదానితోనే నీడలన్నీ పెట్టండి. కళ్ళు సగం మూసి చూస్తే మూల చిత్రంలో ముదురు ముద్దలు నాలుగైదే కనిపిస్తాయి. ఆ ముద్దలు పెట్టండి. క్యారెట్టు లేదు, ముక్కు లేదు, కుక్క చెవి లేదు. తర్వాత పొడిపొడిగా, వెలిసినట్టుండే రంగులతో ఒక పొర. డచ్ వాళ్ళు దీన్ని డోడ్‌ఫెర్ఫ్ అనేవారు, అంటే చచ్చిన రంగు. పేరు భయంకరంగా ఉన్నా పని మాత్రం అద్భుతం. బొమ్మ మొత్తం పొగమంచులోంచి కనిపిస్తున్నట్టు తయారవుతుంది. దానిమీద ఎక్కడెక్కడ ప్రాణం పోయాలో అక్కడే మంచి రంగు పడుతుంది. ఎర్ర బట్టల కుర్రాడి కోటు అడుగున వర్మిలియన్, అది ఆరాక నీడ మడతల్లో అలిజరిన్ పల్చగా నూనెలో కలిపి పూయండి. ఆ లోతు ఒకే పొరలో ఎంత కలిపినా రాదు.

పొరల మధ్య ఒక సూత్రం తప్పకూడదు. అడుగు పొరలో నూనె తక్కువ, టర్పెంటైన్ ఎక్కువ. పైకి వచ్చేకొద్దీ నూనె పెరగాలి. తిరగేస్తే పైపొర ముందు ఆరి, అడుగుది తర్వాత కదిలి, ఎండిన చెరువులా బీటలు వారుతుంది.

కూరగాయలు బాగా వేశాను, అయినా బొమ్మ కిరాణా కొట్టు బోర్డులా ఉంది. ఎందుకు?

ప్రతి క్యారెట్ మీదా తెల్లటి మెరుపు చుక్క పెట్టారు. నాకు తెలుసు, నేనూ పెట్టాను. నా మొదటి కాపీలో ప్రతి క్యారెట్‌నీ గుండ్రంగా తీర్చి, ప్రతిదానికీ మెరుపు పెట్టి, నాలుగు ఆదివారాలు దానికే తగలేశాను. మా అమ్మ చూసి “క్యారెట్లు బావున్నాయిరా, మనుషులేం చేస్తున్నారు?” అంది. అంతకంటే మంచి విమర్శ నాకు తర్వాత ఎవరూ చెప్పలేదు.

మూల చిత్రంలోని కూరల రాశి మళ్ళీ చూడండి. ముందున్న కొన్నిటికే అంచులు స్పష్టంగా ఉంటాయి. వాటి వెనకవి రంగు మరకలు. ముందువాటి పుణ్యాన మన కన్నే వాటిని కూరగాయలుగా చదువుకుంటుంది. కాబట్టి రాశి మొత్తానికీ ముందు ఒక్క మధ్యరకం రంగు వేయండి. అందులో నీడ గుంటలు తవ్వండి. ఆ తర్వాత నాలుగే నాలుగు కూరల్ని ఎంచుకుని వాటికే అంచు, వాటిలో రెండిటికే మెరుపు. మిగతావాటి మీద చెయ్యి దురద పెడితే లేచి టీ తాగి రండి.

దూరానికీ ఇదే మందు. వెనకనున్న పడవలూ ఇళ్ళూ ముందువాటికంటే లేతగా, బూడిదగా, మెత్తటి అంచులతో ఉండాలి. అక్కడ స్వచ్ఛమైన నలుపు గానీ తెలుపు గానీ పడితే ఆ ఇల్లు కాలవ దాటుకుని ముందుకు వచ్చేస్తుంది.

ఆకుపచ్చ ట్యూబు ఎందుకు లేదు?

కొన్న ఆకుపచ్చ ప్లాస్టిక్ తోరణంలా ఉంటుంది కాబట్టి. ఐవరీ బ్లాక్‌లో కాడ్మియం ఎల్లో కలిపి చూడండి, చక్కటి ముదురు ఆకు రంగు వస్తుంది. నలుపులో నీలపు ఛాయ ఉండటమే కారణం. ఎండ పడ్డ ఆకులకి ఆకర్, తెలుపు చేర్చండి.

పాత డచ్ చిత్రాల్లో కొన్నిచోట్ల ఆకులు వింతగా నీలంగా కనిపిస్తాయి. నీలంలో మొక్కల నుంచి తీసిన పసుపు కలిపి ఆకుపచ్చ చేసేవారు. మూడు వందల ఏళ్ళ వెలుతురుకి పసుపు వెలిసిపోయి నీలం మిగిలింది. కాలం చేసిన ఆ తప్పుని మీరు కాపీ చేయనక్కర్లేదు.

మూల చిత్రం మీది వార్నిష్ పసుపుదనం కూడా వేయాలా?

నేను వేయించను. వేసితీరాలంటే మొత్తం అయ్యాక పైన పల్చటి గోధుమ పొర ఒకటి పూసుకోవచ్చు. ప్రతి రంగులోనూ పసుపు కలుపుతూ పోతే చివరికి అంతా పులుసు రంగులోకి దిగుతుంది.

ముఖాలు రావడం లేదు.

16 అంగుళాల వెడల్పు కాపీలో ముఖం బొటనవేలి కొసంత ఉంటుంది. అందులో కనుపాప ఎందుకండీ? వెలుగు పక్క ఒక రంగు, నీడ పక్క ఒక రంగు, కళ్ళ గుంటలకి రెండు ముదురు చుక్కలు, ముక్కు కింద నీడ. తల ఎటు వాలింది, నడుం మీద చెయ్యి ఏ కోణంలో ఉంది అన్నవే కోపాన్ని చెప్తాయి. గొడవపడే ఆవిడ ముఖం చేత్తో కప్పి చూడండి, కోపం ఏమీ తగ్గదు.

పొర ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

అంబర్ ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. తెలుపుకి ఇంకాసేపు. నలుపు, అలిజరిన్ వారం పైనే. వానాకాలంలో, కోస్తా ఊళ్ళలో ఇంకా ఆలస్యం. ఫ్యాను కింద పెడితే దుమ్ము అంటుతుంది తప్ప పెద్ద లాభం లేదు. వెలుతురూ గాలీ వచ్చే గదిలో గోడకి తిప్పి పెట్టండి. పైన అసలు వార్నిష్ పూయడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి.

కుంచెలు తుడిచిన గుడ్డలు ఎక్కడ పారేయాలి?

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు అంటించకుండానే అంటుకోవచ్చు. మన ఎండాకాలంలో మరీ ప్రమాదం. విడివిడిగా ఆరుబయట పరచి పూర్తిగా ఎండాక పారేయండి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్ళు పోసి అందులో వేయండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరవండి. వాడినదాన్ని సింకులో పారబోయొద్దు. సీసాలో ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైన తేరినది మళ్ళీ వాడుకోవచ్చు.

లూవ్ర్‌కి వెళ్ళి అసలు బొమ్మ ముందే కాపీ చేయొచ్చా?

ముందుగా అనుమతి తీసుకున్నవాళ్ళు చేయొచ్చు. కాపీ మూల చిత్రమంత సైజులో ఉండకూడదు. కనీసం ఐదో వంతు చిన్నదో పెద్దదో కావాలి. ఈ చిత్రానికి చిన్న కాపీ అయితే దాదాపు 78 × 67 సెంటీమీటర్లకి మించకూడదు. చిత్రకారుడి సంతకం వేయకూడదు.

అంత దూరం పోలేనివాళ్ళు ఆయిల్ చిత్రం ఉపరితలం ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ చిత్రాల గది ఉంది. పటం ఎదురుగా నిలబడకుండా పక్కకి జరిగి వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. రంగు ఎక్కడ దట్టంగా ఉందో, ఎక్కడ నేల కనిపించేంత పల్చగా ఉందో అప్పుడు తెలుస్తుంది. ఏ ఫొటో అది చూపించదు.

నా కాపీని అమ్ముకోవచ్చా? ఎవరి సంతకం పెట్టాలి?

మెట్సు పోయి మూడున్నర శతాబ్దాలు దాటింది. మన దేశంలో కాపీరైటు చిత్రకారుడు పోయాక అరవై ఏళ్ళ వరకే, కాబట్టి ఆ అడ్డంకి లేదు. కాపీ అని చెప్పి అమ్మితే తప్పు లేదు. ముందువైపు మెట్సు పేరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయొద్దు. వెనక “గాబ్రియల్ మెట్సు చిత్రానికి నకలు” అని, మీ పేరు, సంవత్సరం రాయండి.

ఎన్నాళ్ళలో పూర్తవుతుంది?

వారానికి మూడు గంటలు కూర్చుంటే మూడు నాలుగు నెలలు. అందులో సగం ఆరడం కోసం ఎదురుచూపే.

తర్వాత ఏం వేయాలి?

ఒక చిన్న నోట్‌బుక్, మెత్తటి పెన్సిల్ తీసుకుని పొద్దున్నే మీ ఊరి రైతుబజారుకో, సికింద్రాబాద్ వాళ్ళయితే మోండా మార్కెట్‌కో వెళ్ళండి. రంగులొద్దు. ముదురు ముద్దలు నాలుగైదే వేయండి. మా దగ్గర కాపీ పూర్తిచేసిన ఒకావిడ అలా వెళ్ళి, గంటసేపు టమాటా గుట్టలు వదిలేసి త్రాసు పట్టుకున్న ముసలాయన భుజం ఒక్కటే వేసుకొచ్చింది. కూర మాత్రం కొనడం మరిచిపోయిందట.